ఖాతాకి లంచం, తియ్యని పూడికకి బిల్లు: బెంగళూరులో ఏ పనికి ఏ తలుపు తట్టాలి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా. కె.ఆర్.పురం వైపు పాత ఫ్లాటు కొన్నారు. రిజిస్ట్రేషన్ అయ్యి రెండు నెలలైనా ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరిదో చూపే కార్పొరేషన్ ఆన్‌లైన్ రికార్డు, మీ పేరు మీదికి రాలేదు. మధ్యవర్తి "లోపల ఇవ్వాలి" అని 15,000 అడిగి, అందులో 3,000 మొన్న శుక్రవారం పట్టుకెళ్లాడు. ఇంకోపక్క, మీ వీధి కాల్వలో పూడిక తీసినట్టు బిల్లు పాసైందని తెలిసింది, కాల్వ చూస్తే నిండుగానే ఉంది. అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల గ్రూపులో నాలుగు రకాల సలహాలు వచ్చాయి: ఇచ్చేసి పని చూసుకో, లోకాయుక్తకి పట్టించు, ఎక్స్‌లో పెట్టు, పైనుంచి కిందదాకా అంతే కాబట్టి ఇక్కడ ఓటు కూడా లేని మనకెందుకు. వీటిలో ఏది పనిచేస్తుందన్నది మీ ప్రశ్న.

మీరు చెప్పినవి మూడు వేరువేరు సంగతులు. పని ఆపడం ఒకటి, డబ్బు అడగడం ఒకటి, చెయ్యని పనికి బిల్లు ఎత్తడం ఒకటి. జనం మూడింటినీ కలిపి అవినీతి అంటారు, మూడింటికీ ఒకే చోట ఫిర్యాదు పెడతారు, ఏదీ తేలదు. ఆలస్యానికి ట్రాప్ (లంచం తీసుకుంటుండగా పట్టుకునే వల) వెయ్యరు. దొంగ బిల్లుకి సకాల (ప్రభుత్వ సేవలకి గడువు పెట్టే కర్ణాటక చట్టం) అప్పీలు ఉండదు. డబ్బు అడిగినవాణ్ణి ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీతో పట్టలేరు.

అన్నిటికన్నా ముందు ఆ 3,000 సంగతి చూడండి, దానికి గడువుంది. లంచం ఇచ్చినవాడి మీద కేసు ఉండదని చాలామంది నమ్మకం. 2018 జూలైలో అవినీతి నిరోధక చట్టం సవరించాక అది చెల్లదు. సెక్షన్ 8 ప్రకారం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. విధిలేక ఇచ్చినవాళ్లకి మినహాయింపు ఉంది, కాకపోతే ఇచ్చిన 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజెయ్యాలి. శుక్రవారం ఇచ్చారంటే వచ్చే శుక్రవారంలోపు రాతపూర్వకంగా చెప్పి, ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. ఇంకా ఇవ్వని 12,000 విషయంలో మీకు ఏ చిక్కూ లేదు. ముందే చెప్పి, వాళ్ల సూచన ప్రకారం ఇస్తే అసలు నేరమే కాదు. "మధ్యవర్తి ప్రైవేటు మనిషి, వాణ్ణేం చేస్తారు" అన్నవాళ్లకి: సెక్షన్ 7ఏ ఉన్నది వాడి కోసమే. అధికారి చేత పని చేయిస్తానని డబ్బు తీసుకున్నవాడికి కూడా మూడు నుంచి ఏడేళ్లు.

ఇక ఖాతా. మధ్యవర్తి బలమంతా మీ అర్జీ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మీకు తెలియకపోవడంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ వివరాలు ఆ శాఖ వెబ్‌సైటు కావేరి 2.0 నుంచి ఖాతా వ్యవస్థకి వెళ్లేలా కట్టారు. ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర, మన తెలుగువాళ్లకి మరీను. దస్తావేజులో "సిహెచ్. వెంకట రమణ" అనీ, ఆధార్‌లో "చెరుకూరి వెంకటరమణ" అనీ, పన్ను రసీదులో "వెంకట్ రమణ సి" అనీ ఉంటే, ఫైలు చూసే గుమాస్తాకి, అంటే కేస్ వర్కర్‌కి, అవి ముగ్గురు మనుషులు. ఇంటిపేరు ముందుండటం, దాన్ని ఒక్కోచోట ఒక్కోలా పొడి అక్షరాలుగా కుదించడం వల్ల వచ్చే చిక్కు ఇది. దీనికి లంచం అవసరం లేదు. మూడు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి, పాన్ నకలుతో కలిపి జత చెయ్యండి.

రెండో కారణం విస్తీర్ణం. దస్తావేజులో సూపర్ బిల్టప్, పన్ను లెక్కలో కార్పెట్, అవిభక్త వాటా ఇంకోచోట ఇంకోలా ఉంటాయి. డ్రాఫ్ట్ ఖాతాలో ఏ అంకె పడిందో చూసి, తేడా ఉంటే దస్తావేజు పేజీ నంబరుతో సహా అభ్యంతరం రాయాలి. మూడోది ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం. కొన్నవాళ్లు తమ రిజిస్ట్రేషన్ ముందు తీసిన ఈసీనే ఎక్కిస్తారు. అందులో మీ లావాదేవీ ఎలా కనిపిస్తుంది? మీ దస్తావేజు నమోదైన తర్వాతి తేదీ దాకా కొత్త ఈసీ తియ్యండి. ఆస్తి పన్ను అర్జీ నంబరు, బెస్కాం కరెంటు ఖాతా నంబరు, భవనం ఫోటో కూడా సరిచూసుకోండి. అమ్మినాయన పాత బకాయి ఉంచి వెళ్లాడా అన్నది మర్చిపోకండి. చాలా ఫైళ్లలో "లోపల ఇవ్వాలి" అన్న మాట వెనక ఉండేది ఇలాంటి ఓ చిన్న లోపమే. మధ్యవర్తి దాన్ని పది నిమిషాల్లో సరిచేసి 15,000 పుచ్చుకుంటాడు. అధికారికి అందులో ఒక్క రూపాయి కూడా వెళ్లకపోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా కదలకపోతే అప్పుడు కాగితం పుట్టించాలి. ఆన్‌లైన్ అర్జీ నంబరు, తేదీ, ఏ అధికారి లాగిన్‌లో ఉందో రాసి, ఒక పేజీ అర్జీ సహాయ రెవెన్యూ అధికారి పేరిట రెండు ప్రతులు తీసుకెళ్లండి. కేస్ వర్కర్ బల్ల మీద పెట్టి రావద్దు. ఆఫీసులో తపాలు విభాగం అని ఉంటుంది, అక్కడ ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. కన్నడలో స్వీకృతి అంటారు. వెయ్యనంటే గొడవపడకుండా అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు ట్రాకింగ్ పేజీ అచ్చు తీసి దాచండి. అర్జీలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: "ఇంకా ఏదైనా పత్రం కావాలంటే ఏది కావాలో, ఏ నియమం ప్రకారం కావాలో రాతపూర్వకంగా తెలపగలరు." నోటితో ఎన్ని సాకులైనా చెబుతారు. కాగితం మీద రాయాలంటే సాకు దొరకదు.

రసీదు మీద జీఎస్సీ నంబరు (సకాల అర్జీలకి ఇచ్చే సంఖ్య) ఉంటే ఆ సేవ సకాల కిందికి వచ్చినట్టు. 2011లో చేసిన చట్టం, 2012 ఏప్రిల్ 2 నుంచి రాష్ట్రమంతా అమల్లో ఉంది. గడువు దాటితే రోజుకి 20 రూపాయలు, మొత్తం మీద 500కి మించకుండా పరిహారం, అదీ ఆలస్యం చేసిన ఉద్యోగి జీతంలోంచి. ఈ 500 చూసి జనం నవ్వుతారు. డబ్బు కోసం కాదు, ఆలస్యం ఒక పేరు మీద నమోదు కావడం కోసం. అప్పీలు పైఅధికారి దగ్గరికి వెళ్లాక కింది ఉద్యోగి వివరణ ఇచ్చుకోవాలి. గడువు దాటిన వెంటనే వెయ్యండి, నెలల తరబడి ఊరుకున్నాక వేసిన అప్పీలుకి బరువుండదు. ఒక చిక్కు: గడువు ముగిసే రోజునే "పత్రాలు సరిపోలేదు" అని తిరస్కరించి గడియారాన్ని మళ్లీ సున్నా నుంచి మొదలెడతారు. పైన చెప్పిన వాక్యం ముందే రాసి ముద్ర వేయించింది ఇందుకే.

లోకాయుక్త గురించి మన వాళ్లకి ఒక గందరగోళం ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఏసీబీ అలవాటు కాబట్టి ఇక్కడా ఏసీబీ కోసం వెతుకుతారు. కర్ణాటకలో 2016లో పెట్టిన ఏసీబీని 2022 ఆగస్టు 11న హైకోర్టు రద్దు చేసి, అధికారాలన్నీ లోకాయుక్త పోలీసులకి తిరిగి ఇచ్చింది. లోకాయుక్తలో రెండు విభాగాలున్నాయి. ఒకటి పోలీసు విభాగం: ఎఫ్ఐఆర్, ట్రాప్, ఆదాయానికి మించిన ఆస్తుల కేసులు. రెండోది విచారణ విభాగం, 1984 చట్టం కింద. దీనికి నిర్ణీత ఫారంలో ఫిర్యాదు, దానితో అఫిడవిట్ ఇవ్వాలి. డబ్బు అడగకుండా ఊరికే తిప్పుతుంటే రెండోది, అడిగితే మొదటిది. విచారణ విభాగం నుంచి "మీ వివరణ పంపండి" అన్న నోటీసు అందగానే చాలాచోట్ల పని దానంతటదే అయిపోతుంది. అప్పుడు ఫిర్యాదు వెనక్కి తీసుకోమని కబురొస్తుంది. ఖాతా చేతికొచ్చి, అందులో పేరు, కొలతలు సరిచూసుకునేదాకా దేని మీదా సంతకం పెట్టకండి.

ట్రాప్ ఎలా జరుగుతుందో వివరంగా చెప్పాలి, సినిమా ఊహలు చాలా ఉన్నాయి కనక. మీరు మీ మాటల్లో ఫిర్యాదు రాసిస్తారు: ఎవరు, ఎప్పుడు, ఏ పనికి, ఎంత అడిగారు. మామూలుగా ముందు ఒక రికార్డర్ ఇచ్చి, అడుగుతున్న మాట నిజమేనా అని సరిచూసుకుంటారు. ఎఫ్ఐఆర్ ముందే నమోదవుతుంది. నోట్లు మీవే. నంబర్లు రాసుకుని, ఇద్దరు సాక్షుల ముందు, వాళ్లు మామూలుగా వేరే శాఖ ప్రభుత్వోద్యోగులు, నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. పంచనామా రాస్తారు, ఇక్కడ మహజరు అంటారు. ఒక సాక్షి మీతో కూడా వస్తాడు. డబ్బు చేతులు మారాక మీరు ముందుగా అనుకున్న సైగ చేస్తారు. అధికారి వేళ్లని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబి రంగు వస్తుంది. ఆ నీళ్లు సీసాల్లో సీలు చేసి ఫోరెన్సిక్ ల్యాబుకి పంపుతారు.

కేసు పోయేది మాత్రం రంగు దగ్గర కాదు, అడిగిన మాట దగ్గర. డబ్బు దొరికితే చాలదు, అడిగినట్టు రుజువు కావాలి. చాలామంది కంగారులో గదిలోకి వెళ్లగానే తామే "సార్, తెచ్చాను" అని కవరు పెట్టేస్తారు. అప్పుడు అధికారి తరఫు లాయరు "మా క్లయింటు అడగనే లేదు, బలవంతంగా పెట్టారు" అంటాడు. లేదా "అప్పు తీర్చాడు" అంటాడు. మీరు ఫైలు గురించే మాట్లాడాలి: "నా ఖాతా పని ఏమైంది సార్?" తర్వాతి మాట అతని నోటినుంచి రావాలి. అధికారి తాను ముట్టుకోకుండా డ్రాయరు చూపిస్తే, బయట జిరాక్స్ షాపులో ఇమ్మంటే, ఎవరి మాట మీద ఎక్కడ పెట్టారో రికార్డులో వినబడేలా అడగండి: "అక్కడ ఇవ్వమంటారా సార్?" ఇంకో బలహీనత, అసలు మీ ఫైలు ఆ రోజు అతని దగ్గర లేకపోవడం. అందుకే లాగిన్ ఎవరిదో ముందే తెలుసుకోమన్నాను. తర్వాత సాక్షి ఎదురుతిరిగినా, ఫిర్యాదుదారు చనిపోయినా కేసు చావదు. నీరజ్ దత్తా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పరిస్థితుల సాక్ష్యంతో కూడా అడగడాన్ని నిరూపించవచ్చని చెప్పింది.

మీ ఫోనులో రికార్డింగు ఉంటే దాన్ని కత్తిరించకండి, పేరు మార్చకండి, వాట్సాప్‌లో పంపి అసలు ఫైలు తుడిచేయకండి. వాట్సాప్‌లో వెళ్లింది నకలు. కోర్టుకి అసలు ఫోను, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. ఫోను మార్చే ఆలోచన ఉంటే కేసు తేలేదాకా పాతది పారెయ్యకండి.

ట్రాప్‌కి ఒప్పుకునే ముందు రెండు సంగతులు బేరీజు వేసుకోండి. మీ డబ్బు తిరిగొస్తుంది కానీ నెలలు పడుతుంది. మీ ఫైలు సాక్ష్యంగా స్వాధీనమవుతుంది. ఆ రోజే దాని ధ్రువీకృత నకలు ఆఫీసులో ఉంచమని, పని వేరే అధికారికి అప్పగించమని రాసివ్వండి. ఇది చెయ్యక, అధికారి సస్పెండయ్యాడు సరే, తమ ఖాతా మాత్రం ఏడాది ఆగిపోయిందని వాపోయేవాళ్లు ఉంటారు.

"లోకాయుక్తకి పిచ్చుకలే దొరుకుతాయి, గద్దలు దొరకవు" అన్న మాటలో నిజముంది. దానికి ధైర్యం లేకపోవడమొక్కటే కారణం కాదు. చట్టమే అలా ఉంది. అదే 2018 సవరణలో వచ్చిన సెక్షన్ 17ఏ ప్రకారం, అధికారి తీసుకున్న నిర్ణయం మీద విచారణకి ప్రభుత్వ అనుమతి ముందుగా కావాలి. ఆ అనుమతి తేల్చడానికి గడువు మూడు నెలలు, ఇంకో నెల పొడిగింపు. చేతికి డబ్బు అందుకుంటూ దొరికినవాడికి ఈ అనుమతి అక్కర్లేదు. అంటే 5,000 తీసుకున్న కేస్ వర్కర్‌ని మధ్యాహ్నానికల్లా పట్టుకోవచ్చు, కోటి బిల్లు మీద సంతకం పెట్టినవాణ్ణి ప్రశ్నించడానికి అనుమతి లేఖ కోసం కూర్చోవాలి. 2011 జూలైలో అప్పటి లోకాయుక్త సంతోష్ హెగ్డే అక్రమ గనుల మీద ఇచ్చిన నివేదిక ముఖ్యమంత్రి పదవినే కదిలించింది. ఆ జ్ఞాపకంతో ఇవాళ వెళ్లినవాళ్లకి నిరాశ తప్పదు. కాబట్టి దొంగ బిల్లు విషయంలో ఆరోపణతో వెళితే లాభం లేదు, అంకెలతో వెళ్లాలి.

ఎక్స్‌లో పెట్టడం గుంతలకీ చెత్తకీ పనికొస్తుంది. నగర హెల్ప్‌లైన్ 1533కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ నంబరుతో పెడితే ఇంకా పనికొస్తుంది. లంచం సంగతి పెడితే మాత్రం ట్రాప్ అవకాశం అక్కడితో సరి. పేరు పెట్టి రాసి రుజువు లేకపోతే పరువునష్టం నోటీసు అదనం. 2010లో బెంగళూరులోనే జనాగ్రహ సంస్థ మొదలుపెట్టిన ఐ పెయిడ్ ఎ బ్రైబ్ సైటు లాంటివి ఏ సేవకి ఎంత నడుస్తోందో తెలియడానికి మంచివే. అవి ఫిర్యాదుకి బదులు కాలేవు.

ఇప్పుడు కాల్వ. ఇక్కడ మీ చేతిలో ఎక్కువ బలం ఉంది, ఎందుకంటే మట్టి అబద్ధమాడదు, వాన పడేదాకా.

ఈ వారమే కొలవండి. ఒక పొడుగాటి కర్రకి 10 సెంటీమీటర్లకో గీత గీసి, 25 మీటర్లకో చోట కాల్వ మీద కప్పిన పలకల మధ్య సందులోంచి దించండి. పూడిక పైభాగం ఎంత లోతులో తగిలింది, గట్టిగా గుచ్చితే అడుగు కాంక్రీటు ఎంత లోతులో తగిలింది అని రెండు అంకెలు రాసుకోండి. తేదీ, స్థలం పడే కెమెరా యాప్‌తో ఫోటో తియ్యండి. కాల్వలోకి దిగొద్దు, మూసిన కాల్వలో విషవాయువు ఉంటుంది. పలకల అంచుల దగ్గర కూడా ఫోటోలు కావాలి. పూడిక తియ్యాలంటే పలక లేపాలి. సందుల్లో పాత సిమెంటు, నాచు, గడ్డి చెక్కుచెదరకుండా ఉంటే ఎవరూ లేపలేదన్నమాట. ఇంజనీరు చెప్పబోయే సమాధానం "తీశాం, వానకి మళ్లీ నిండింది" అని. కొత్తగా కొట్టుకొచ్చింది వదులుగా, ఇసుకగా ఉంటుంది. ఏళ్ల నాటిది నల్లగా గట్టిపడి, వేర్లు పట్టి ఉంటుంది. ఒక డబ్బాలో తీసి ఫోటోతో ఉంచండి.

తర్వాత ఆర్టీఐ. కర్ణాటక నియమాల్లో ఒక అర్జీకి ఒకే విషయం, 150 పదాల పరిమితి ఉన్నాయి. ఇది తెలియక మూడు పేజీలు రాసి తిరస్కరణ తెచ్చుకుంటారు. రుసుము 10 రూపాయలు, ఆన్‌లైన్‌లోనూ వెయ్యవచ్చు. భాష కన్నడం, ఇంగ్లీషు, హిందీల్లో ఏదైనా సరే, తెలుగు మాత్రం కుదరదు. "ఎందుకు చెయ్యలేదు" అని అడగకండి, కారణాలకి జవాబు రాదు, రికార్డుకే వస్తుంది. అడగాల్సినవి: ఆ వీధి పేరుతో ఉన్న పని జాబ్ కోడ్ (పనికి ఇచ్చిన సంఖ్య), వర్క్ ఆర్డరు, అంచనా, మెజర్‌మెంట్ బుక్ (చేసిన పని కొలతలు ఇంజనీరు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లు, పనికి ముందూ వెనకా తీసిన ఫోటోలు, మట్టి తరలించిన వాహనాల ట్రిప్ షీట్లు. వీటి ధ్రువీకృత నకళ్లు. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్. చట్టంలో సమాచారం అంటే కాగితమొక్కటే కాదు, పనిని స్వయంగా తనిఖీ చెయ్యడం, సామగ్రి నమూనా తీసుకోవడం కూడా సెక్షన్ 2(జె) ఇచ్చిన హక్కు. వ్యక్తిగత సమాచారమని నిరాకరించడం ఇప్పుడు తేలికైంది, 2023 డేటా చట్టం ఆర్టీఐ చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చేసింది కాబట్టి. మనుషుల వివరాలు కొట్టేసి ఇచ్చినా చాలని, పైగా 8(2) ప్రజాప్రయోజన నిబంధన ఉందని అర్జీలోనే రాయండి.

కాగితాలొచ్చాక లెక్క. 200 మీటర్ల కాల్వ, మీటరు వెడల్పు, అర మీటరు పూడిక అని రాస్తే 100 ఘనమీటర్లు. 6 ఘనమీటర్లు పట్టే టిప్పరుకి 17 ట్రిప్పులు. ఒక్క పూటలో, ఆ ఇరుకు వీధిలో, ఒక్క జేసీబీతో 17 లోడ్లు నిండాయా? ట్రిప్ షీట్‌లో ఉన్న వాహనాల నంబర్లని పరివాహన్ యాప్‌లో వెయ్యండి, అది టిప్పరో స్కూటరో తేలిపోతుంది. నవ్వులాట కాదు, బీహార్ దాణా కుంభకోణంలో స్కూటర్లే పశువుల్ని మోసినట్టు బిల్లులున్నాయి. ఇదే లెక్క రోడ్డుకీ పనికొస్తుంది: 120 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల తారు పొరంటే 26.4 ఘనమీటర్లు, సుమారు 62 టన్నులు. 12 టన్నుల లోడ్లయితే అయిదుకి పైనే. వీధిలోకి మూడే వచ్చాయని సీసీటీవీ చూపిస్తే, పొర ఎక్కడో పలచబడినట్టే. అదే రోడ్డుకి డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పాడైతే పాత కాంట్రాక్టరే బాగుచెయ్యాల్సిన కాలం) ముగియకముందే కొత్త టెండరు పిలిచారేమో కర్ణాటక ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో చూడండి. పేరు కాస్త మార్చి పిలుస్తారు, మొదలు చివర ఇంటి నంబర్లు చూసి పోల్చాలి. టెండరు పరిమితికి కొంచెం కిందగా ఒకే వీధిని మూడు ముక్కలు చేసిన పనులూ అక్కడే బయటపడతాయి.

ఓటు లేదన్న మాటకొస్తే, ఆర్టీఐకి భారత పౌరుడైతే చాలు, లోకాయుక్తకి ఓటరు కార్డు అక్కర్లేదు. అసలు ఓటున్నవాళ్లకి మాత్రం ఏం మిగిలింది? పాత నగరపాలక సంస్థ బీబీఎంపీకి చివరి ఎన్నికలు 2015 ఆగస్టులో జరిగాయి, పాలకమండలి 2020 సెప్టెంబరులో ముగిసింది. 2025 సెప్టెంబరులో దాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టేదాకా అధికారులే నడిపారు. ఆ అయిదేళ్లూ వీధి స్థాయిలో అడగడానికి మనిషి లేడు. నా ఉద్దేశంలో కార్పొరేటర్ ఉంటే లంచం పోదు కానీ, మెజర్‌మెంట్ బుక్ చూపించమని వార్డు సమావేశంలో అందరి ముందూ అడిగే చోటు ఒకటి ఉంటుంది.

విభజన వల్ల ఇంకో తిప్పలు: మీ వీధి ఏ కార్పొరేషన్‌లో, ఏ డివిజన్‌లో పడిందో చూసుకుని అర్జీ వెయ్యండి. ఆర్టీఐ అర్జీ తప్పు ఆఫీసుకి వేసినా ఆ చట్టం సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో వాళ్లే బదిలీ చెయ్యాలి, "మాది కాదు" అని తిప్పి పంపకూడదు. పని పాత బీబీఎంపీ కాలంలో జరిగివుంటే ఫైలు ఇప్పుడు ఎవరి ఆధీనంలో ఉందో ఆ 150 పదాల్లోనే ఒక ముక్క అడగండి. కాల్వ ఆర్టీఐని, ఖాతా అర్జీని ఒకే పేరు మీద ఒకే వారం వెయ్యకండి. ఖాతా మీ పేరుతో, కాల్వది అసోసియేషన్‌లో ఖాతా పని లేని ఎవరో ఒకరి పేరుతో. సంఘం పేరుతో వేస్తే "పౌరుడు కాదు" అని కొట్టేస్తారు, వ్యక్తి పేరు, సంతకం తప్పనిసరి.